జొన్న రొట్టె అంచులు పగులుతున్నాయి, పెంక మీదికి చేరేలోపే విరుగుతోంది – ఏం చేయాలి?

నల్లగొండ_కొత్తవంట · సోమవారం, రాత్రి 9:10
అందరికీ నమస్తే. మాది నల్లగొండ టౌన్. మా మామయ్యకు రాత్రి పూట జొన్న రొట్టె లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఇన్నేళ్లూ అత్తమ్మే చేసేది. ఈమధ్య ఆమెకు భుజం పట్టేసి చేయి లేవడం లేదు, రొట్టెలు తట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఇప్పుడు ఆ పని నాది. చపాతీలు, పూరీలు బాగానే చేస్తాను. జొన్న పిండి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడటం లేదు.

సమస్య ఇదీ. గోరువెచ్చని నీళ్లతో పిండి కలుపుతున్నా. ముద్ద చేతిలో బాగానే ఉంటుంది. పీట మీద తట్టడం మొదలుపెట్టగానే అంచు చుట్టూ పగుళ్లు వస్తాయి. పలచగా అయ్యాక ఎత్తితే నడిమికి విరుగుతుంది. విరగకుండా పెంక మీదికి చేరినా పొంగదు, గంట గడిస్తే గట్టిపడిపోతుంది. మామయ్య ఒక్క మాట కూడా అనరు, పాలల్లో నానబెట్టుకుని తింటారు. అది చూస్తుంటే నాకే కష్టంగా ఉంది. అత్తమ్మను అడిగితే "పిండి చేతికి తెలుస్తది బిడ్డా" అంటుంది. నా చేతికి ఇంకా తెలియడం లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. పిండి సూపర్‌మార్కెట్ ప్యాకెట్.

అచ్చంపేట_అక్క · సోమవారం, రాత్రి 9:32
ముందు రెండు మాటలు చెప్పమ్మా. ఆ ప్యాకెట్ మీద తేదీ ఏముంది? నీళ్లు గోరువెచ్చగా అంటే ఎంత వేడి?

నల్లగొండ_కొత్తవంట · సోమవారం, రాత్రి 9:40
చూశాను అక్కా. ప్యాక్ చేసి నాలుగు నెలలు దాటింది. నీళ్లు వేలు పెడితే కాలనంత వేడి.

అచ్చంపేట_అక్క · సోమవారం, రాత్రి 10:15
అయితే నీ చేతిని అనుకోవద్దు. పిండి పాతబడింది, నీళ్లకు వేడి చాలలేదు. గోధుమ పిండికి సాగే గుణం దానంతట అదే ఉంది. జొన్న పిండికి అది లేదు. మరిగే నీళ్లు, రుద్దుడు, ఈ రెండే దాన్ని పట్టి ఉంచుతాయి.

నేను చేసే పద్ధతి రాస్తున్నా. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టు. నీళ్లు తెర్లాలి, అంటే కళపెళా మరగాలి. వెడల్పాటి తాంబాళంలో పిండి పోసి, నడుమ గుంట చేసి, ఆ తెర్లే నీళ్లు అందులో పోయి. చేయి పెట్టకు. గరిటె కాడతో కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయ్. చేయి ఓర్చుకునే వేడికి రాగానే రుద్దడం మొదలుపెట్టాలి, చల్లారేదాకా ఆగొద్దు. పక్కన గిన్నెలో చన్నీళ్లు పెట్టుకో. చేయి చురుక్కుమంటే ముంచుకోవచ్చు, ముద్దకు తడి తక్కువైతే అవే చిలకరించుకోవచ్చు. ఒక్కో పిండి ఒక్కోలా నీళ్లు పీలుస్తుంది కాబట్టి మిగతా పావు గ్లాసులో ఎంత పడుతుందో అక్కడ చూసుకోవాల్సిందే.

చపాతీ పిండిని వేళ్లతో పిసికినట్టు పిసికితే ఇది మాట వినదు. అరచేతి కింది భాగంతో ముద్దను ముందుకు రుద్ది, దగ్గరికి లాక్కుని, మళ్లీ రుద్దాలి. మొదట రవరవగా తగులుతుంది, పోనుపోను నున్నబడుతుంది. బొటనవేలితో నొక్కి చూడు. గుంట అంచులు పగలకపోతే పిండి తయారైనట్టే. పగిలితే తడి చాలలేదు, లేదంటే ఇంకా రుద్దాలి. మీ అత్తమ్మ "చేతికి తెలుస్తది" అన్నది దీని గురించే.

పిండి మొత్తం ఒకేసారి రుద్ది ఉండలు చేసి వరసగా పెట్టుకోవద్దు, పైన ఎండిపోతాయి. ఒక రొట్టె పెంక మీద కాలుతుండగా తర్వాతి దానికి సరిపడా తీసుకుని అప్పటికప్పుడు మళ్లీ రుద్ది తట్టాలి. మిగిలిన పిండి మీద మూత ఉండాలి.

తట్టేటప్పుడు పీట మీద పొడి పిండి చల్లుకో. కుడి చేతి వేళ్లు చాపి తట్టు, ఎడమ చేతి వేళ్లతో అంచును పట్టి ఉంచు. ప్రతి దెబ్బకూ రొట్టె కొంచెం తిరగాలి. తిరగడం ఆగిందంటే అడుగున పొడి అయిపోయినట్టే, వెంటనే ఎత్తి చల్లుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు నడిమి మీదే తడతారు. నడిమి పలచనై అంచు మందంగా మిగులుతుంది. నీ రొట్టె ఎత్తగానే నడిమికి విరిగేది అందుకే. అంచు మీద ఎక్కువ తట్టు, నడిమి దానంతట అదే పలచనవుతుంది.

పెంక మీద వేసేటప్పుడు పొడి అంటిన వైపు పైకి రావాలి. వేసీ వేయగానే ఆ వైపంతా తడి గుడ్డతోనో చేత్తోనో నీళ్లు రాయి. ఆలస్యమైతే పైపొర ఎండి సన్నటి పగుళ్లు పడతాయి. లోపలి ఆవిరి అందులోంచే పోతుంది, ఇక పొంగమన్నా పొంగదు. రాసిన నీళ్ల మెరుపు పోయి మసకబారగానే తిరగేయాలి. బాగా తడిగా ఉండగా తిరగేస్తే పెంకకు అంటుకుంటుంది. రెండో వైపు నిదానంగా కాలనిచ్చి, మళ్లీ తిరగేసి, మడిచిన గుడ్డతో అంచులు నొక్కుతూ రా. పొంగుతుంది.

ఆ పాత ప్యాకెట్ పిండితో మాత్రం కుస్తీ పట్టకు. అంబలి కాచుకో.

భువనగిరి_వంటిల్లు · మంగళవారం, ఉదయం 7:05
ఇంత శ్రమ ఎందుకండీ? గోధుమ పిండి పావు వంతు కలిపితే చపాతీ కర్రతో హాయిగా వస్తుంది. లేదంటే నూనె కవర్ కత్తిరించి, రెండు పొరల మధ్య ముద్ద పెట్టి కర్రతో ఒత్తుకోవచ్చు. నేను ఉద్యోగానికి పోతూ పొద్దున్నే అలాగే చేస్తా. పిల్లలు తింటున్నారు, అదే చాలు.

అచ్చంపేట_అక్క · మంగళవారం, ఉదయం 7:48
చెల్లీ, పిల్లలు తినడం మంచిదే, నీ వీలు నీది. కాకపోతే గోధుమ కలిపాక అది చపాతీ వైపు పోతుంది. జొన్న తీపి ముందు తగలదు. ఆ మామయ్య చిన్నప్పటి నుంచి తిన్న రొట్టె అది కాదు కదా.

కవర్ మాట కూడా చెబుతా. వేడి వేడి ముద్దను ప్లాస్టిక్ మధ్య పెట్టడం నాకు నచ్చదు. తడిపి పిండిన పాత కాటన్ గుడ్డ మీద తట్టు, రొట్టెను గుడ్డతో సహా ఎత్తి పెంక మీద బోర్లించి గుడ్డ మెల్లగా ఒలిచేయొచ్చు. ఎత్తేటప్పుడు విరిగే బాధ ఉండదు. చేయి తిరిగేదాకా కర్రతో ఒత్తుకున్నా తప్పు లేదు, అంచు పగిలితే గిన్నె బోర్లించి గుండ్రంగా కోసుకో. పిండి రుద్దుడు సరిగా ఉంటే అది కూడా పొంగుతుంది.

పంటలచదువు_పాలెం · మంగళవారం, ఉదయం 8:20
వ్యవసాయం చదువుతున్నాను. మాది బిజినేపల్లి దగ్గర, పాలెం పరిశోధన కేంద్రం పక్కనే. తెర్లే నీళ్లే ఎందుకు కావాలో చెబుతాను, ఎందుకో తెలిస్తే ఎక్కడ చెడిందో ఎవరికి వాళ్లే పట్టుకోవచ్చు.

గోధుమలో గ్లూటెన్ ఉంటుంది. చన్నీళ్లు తగిలినా అది సాగే జిగురు అవుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్న పిండిలో ఎక్కువ భాగం స్టార్చ్. వేడి సుమారు 70 డిగ్రీలకు చేరితేనే ఆ స్టార్చ్ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి జిగటగా మారతాయి. ముద్దను కలిపి ఉంచేది ఆ జిగటే. వేలు కాలని నీళ్లు ఆ వేడికి సగం దూరంలోనే ఉంటాయి. అంతెందుకు, తెర్లే నీళ్లు పోసినా చల్లటి పిండిలో కలవగానే వేడి చాలా పడిపోతుంది. అందుకే నీళ్లు పొయ్యి మీంచి నేరుగా రావాలి, పోసిన వెంటనే మూత పడాలి. నీళ్లు మరిగించి, దించి, ఫోన్ మాట్లాడి వచ్చి పోస్తే ఆ ఫలితం రాదు.

నీళ్లు రాయడం కూడా ఇలాంటిదే. పైన అంటిన పొడి పిండి ఆ తడికి, పెంక వేడికి ఉడికి పొరలా అతుక్కుంటుంది. ఆ పొర ఆవిరిని ఆపుతుంది, రొట్టె పొంగుతుంది.

పాత పిండి సంగతి: జొన్న గింజలో మొలక భాగంలో నూనె ఉంటుంది. గింజగా ఉన్నంతకాలం అది లోపల భద్రం. పిండి పట్టాక గాలి తగిలి పాడవుతుంది, చేదు, ముక్కిన వాసన అందుకే.

గద్వాల_నుంచి_పుణె · మంగళవారం, ఉదయం 10:02
నాదీ ఇదే బాధ, ఇంకో రకం. గదిలో ఇండక్షన్ స్టవ్. ఊరి నుంచి అమ్మ ఇనుప పెంక పంపింది, గుంటగా ఉండేది. నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. మంట లేదు కాబట్టి నేరుగా కాల్చుకోవడానికీ లేదు. నాన్‌స్టిక్ పెంక కొనమంటారా?

పిండిగిర్ని_దేవరకొండ · మంగళవారం, మధ్యాహ్నం 1:30
తమ్ముడూ, నాన్‌స్టిక్ వద్దు. జొన్న రొట్టెకు పెంక బాగా కాగాలి, ఖాళీ పెంకను అంత వేడి చేస్తే ఆ పూత పాడవుతుంది. అడుగు చదునుగా ఉన్న ఇనుప పెంక, కాస్త మందంగా ఉండేది తీసుకో. ఇండక్షన్ మీద గుంట పెంకకు నడిమి ఒక్కటే ఆనుతుంది, వేడి అక్కడే పుడుతుంది. మంట లేకపోయినా గుడ్డతో నొక్కితే పొంగుతుంది. పెంక కాగిందో లేదో నీటి చుక్క వేసి చూడు, చుక్క గిర్రున తిరిగి ఆవిరైపోవాలి.

ఇక అసలు విషయం. మాది పిండి గిర్ని, నాన్న నాటి నుంచి. జొన్నలు తెచ్చేవాళ్లు సంచి పెట్టి "పట్టియ్యి" అని పోతారు. రొట్టెకా, రవ్వ ఉడికించి తినే గట్కకా అన్నది చెప్పరు. రొట్టె పిండి మెత్తగా ఉండాలి, గట్కకు రవ్వగా ఉండాలి. రవ్వ పిండితో రొట్టె చేస్తే ఎంత రుద్దినా అంచు పగులుతుంది. గిర్నికి పోయినప్పుడు "రొట్టెలకు" అని ఒక్క మాట చెప్పండి. వేళ్ల మధ్య పిండి రుద్ది చూసి, గరుకు తగిలితే అక్కడే మళ్లీ వేయించుకోండి, ఎవరూ కాదనరు.

పట్టేముందు జొన్నలు చెరిగి, మట్టిగడ్డలు ఏరి, ఒక పూట ఎండలో పెట్టండి. మిరపకాయలు పట్టిన వెంటనే మీ జొన్నలు పోయనివ్వకండి. పిండి గిర్నిలోంచి వేడిగా వస్తుంది, ఆ వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపల చెమ్మ పడుతుంది. బట్ట మీద పరిచి ఆరనిచ్చి పోసుకోండి. ఐదు కిలోలు ఒకేసారి పట్టించి నెలంతా వాడే బదులు వారానికి సరిపడా పట్టించుకోండి. బాగా ఎండిన జొన్నలు ఇంట్లో ఉంటే పిండిలా తొందరగా పాడుకావు.

నల్లగొండ_కొత్తవంట · మంగళవారం, మధ్యాహ్నం 2:10
అన్నా, గిర్నికి ఎలాంటి జొన్నలు తీసుకుపోవాలి? కిరాణాలో తెల్లవి, పచ్చవి రెండూ ఉన్నాయి. తెల్లవాటిలో కొన్ని గింజల మీద నల్ల మచ్చలు కనిపిస్తున్నాయి.

మక్తల్_నల్లరేగడి · మంగళవారం, సాయంత్రం 6:45
మచ్చలున్నవి తీసుకోకు చెల్లీ. వానాకాలం పంట కంకి మీద ఉండగా వాన పడితే బూజు పట్టి గింజ నల్లబడుతుంది. ఆ పిండికి రంగు ఉండదు, రుచీ ఉండదు. యాసంగి జొన్న అడుగు. మా నల్లరేగడిలో వానలు వెనకబడ్డాక విత్తుతాం, భూమిలో ఉన్న తేమ మీదే పండుతుంది, తడి పెట్టేది ఉండదు. చలికాలం మంచుకు గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది, వాన తగలదు కాబట్టి ముత్యంలా మెరుస్తుంది. అందులో మల్దండి అని ఉంటుంది, సోలాపూర్ వైపు నుంచి వచ్చిన రకం. రొట్టెకు దాన్ని మించింది నాకు తెలియదు. సర్కారు మద్దతు ధరలో కూడా మల్దండిని వేరే పెడతారు. 2024-25కు హైబ్రిడ్ జొన్న క్వింటాలు 3,371 రూపాయలు, మల్దండి 3,421.

పచ్చజొన్న చల్క భూముల పంట, వానాకాలంలో కంది సాళ్ల నడుమ వేసేవాళ్లు. రొట్టె కాస్త గరుకుగా వస్తుంది, రుచి బాగుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తెల్లదే మేలు.

పోషణ_మిర్యాలగూడ · మంగళవారం, రాత్రి 8:30
నేను డైటీషియన్‌ని. షుగర్ ఉన్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి ఒక విషయం చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములకు పైన, ప్రొటీన్ దాదాపు 10 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, ప్రొటీన్ 8 గ్రాముల దగ్గర. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టు ఉంటుంది, తొందరగా ఆకలి కాదు. ఇది నిజమైన లాభం.

కానీ అదే 100 గ్రాముల్లో పిండి పదార్థం 67 గ్రాములకు పైనే ఉంటుంది. "జొన్న రొట్టెకు షుగర్ పెరగదు" అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి లెక్క లేకుండా తినేవాళ్లను రోజూ చూస్తున్నాను. రెండు రొట్టెలు, గిన్నెడు ఆకుకూర పప్పు, పక్కన కూరగాయ, అది మంచి భోజనం. మాత్రలు మానేసి రొట్టె మీద ఆధారపడొద్దు.

గ్లూటెన్ పడనివాళ్లకు జొన్న మంచిదే. అయితే గోధుమలు పట్టిన గిర్నిలోనే పట్టిస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. గ్లూటెన్ అస్సలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో చిన్న గిర్ని పెట్టుకుంటే మేలు.

హాలియా_టీచర్ · బుధవారం, ఉదయం 6:20
రిటైరైన మాస్టర్‌ని. ఇంత మంది రొట్టె గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడం చూసి సంతోషమేసింది. మా ప్రాంతంలో ఇది ఎలా పోయిందో కొంచెం రాస్తాను.

మా అమ్మ కాలంలో పొద్దున జొన్న గట్క, రాత్రి రొట్టె. వరి అన్నం పండగకూ, చుట్టాలు వచ్చినప్పుడూ. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు జొన్న చేన్లు వరి మళ్లయ్యాయి. చేన్ల గట్లు మారాయి, పొయ్యి మీద గిన్నె మారింది. కాల్వ ఎక్కని దేవరకొండ, మునుగోడు వైపు ఇంకొన్నేళ్లు రొట్టె నిలిచింది. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం వచ్చాక అక్కడ కూడా రాత్రి రొట్టె తగ్గింది. తర్వాత ఆ చల్కల్లో పత్తి ఎక్కింది.

ఆ బియ్యం ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, ఆ మేలు చిన్నది కాదు. ఆడవాళ్లకు తిరగలి, రోకలి, పొగ పొయ్యి ముందు రొట్టెలు తట్టడం, ఈ శ్రమ తప్పింది. అదీ మేలే. నా బాధ ఒక్కటే. మా చెల్లెళ్లకు రొట్టె వచ్చు, వాళ్ల బిడ్డలకు రాదు. వండే చేతులు పోతే పంటకు గిరాకీ పోతుంది, గిరాకీ పోతే విత్తనం పోతుంది. అమ్మా కొత్తవంటా, నువ్వు మీ అత్తమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంటున్నావు చూడు, అది చాలా పెద్ద పని. ఆమె చెప్పేది ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో.

నారాయణపేట_మగ్గం · బుధవారం, మధ్యాహ్నం 12:15
మా వైపు రొట్టె పోలేదు మాస్టారూ. నారాయణపేట, మక్తల్, కోస్గి, కొడంగల్ దాకా ఇప్పటికీ రోజూ తట్టే ఇళ్లున్నాయి. కర్ణాటక పక్కనే కాబట్టి రాయచూర్ వైపు చేసే కడక్ రొట్టె కూడా చేస్తాం. బాగా పలచగా తట్టి, సన్నసెగ మీద తడి పూర్తిగా పోయేదాకా కాల్చి, ఆరబెట్టి దాచుకుంటే వారాలు నిలుస్తుంది. పుణె తమ్ముడికి ఇది పనికొస్తుంది, ఊరి నుంచి తెచ్చుకోవచ్చు.

పక్కన ఏం తినాలో ఎవరూ రాయలేదు. రొట్టె పొడిగా ఉంటుంది, దానికి జారుగా ఉండేదో నూనె తగిలేదో కావాలి. పుంటికూర పప్పు, చింతచిగురు వచ్చినప్పుడు చింతచిగురు పప్పు, గుత్తి వంకాయ, అనపకాయ గింజల కూర. ఏమీ లేని రోజు ఎల్లిపాయ కారంలో పల్లి నూనె పోసుకుని, పక్కన ఉల్లిగడ్డ. ఆదివారం నాటుకోడి పులుసులో రొట్టె తుంచి నానబెట్టుకుంటే ఇంకో కూర అక్కర్లేదు.

నల్లగొండ_కొత్తవంట · గురువారం, రాత్రి 9:25
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న యాసంగి జొన్నలు దొరికాయి. "రొట్టెలకు" అని చెప్పి మెత్తగా పట్టించాను. ఈ రోజు తెర్లే నీళ్లు పోసి, మూత పెట్టి, అక్క చెప్పినట్టు రుద్దాను. అత్తమ్మ పక్కన కుర్చీలో కూర్చుని ముద్దను బొటనవేలితో నొక్కి చూసి, "ఇంకో నాలుగు రుద్దులు" అంది. అంచు పగలడం చాలా తగ్గింది. రెండు రొట్టెలు పూర్తిగా పొంగాయి, మిగతావి సగం సగం. మామయ్య పాలు అడగలేదు, పప్పుతో తిన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటి రొట్టె బాగుంటుంది, తర్వాతి వాటికి నల్ల చుక్కలు, మాడు వాసన. ఇంకోటి, చేసినప్పుడు మెత్తగా ఉన్నవి పెద్దవాళ్లు తినే వేళకు అంచులు గట్టిపడుతున్నాయి.

అచ్చంపేట_అక్క · గురువారం, రాత్రి 9:50
సంతోషం బిడ్డా! రెండు పొంగాయంటే మిగతావీ పొంగుతాయి.

నల్ల చుక్కలు పొడి పిండివి. రొట్టె నుంచి రాలిన పిండి పెంక మీద మాడి తర్వాతి రొట్టెకు అంటుకుంటుంది. ఒక్కో రొట్టె తీశాక పొడి గుడ్డతో పెంక తుడిచేయ్. పీట మీద పొడి కూడా కొంచెం తగ్గించు, ముద్ద సరిగా రుద్దితే అంత అక్కర్లేదు. పెంక ఎక్కువ కాగినట్టు అనిపిస్తే మంట తగ్గించు, మరీ తగ్గించకు. సన్న మంట మీద ఎక్కువసేపు ఉంటే రొట్టెలో తడి అంతా పోయి గట్టిపడుతుంది. నీ రెండో సందేహానికి సగం కారణం అదే.

మిగతా సగం దాచే తీరు. రొట్టె దించగానే ఒక్క నిమిషం నిలబెట్టి ఆవిరి పోనివ్వు, తర్వాత బుట్టలో గుడ్డ పరిచి ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డ కప్పు. వేడి వేడిగా స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తే చెమట పట్టి అడుగు రొట్టె ముద్దవుతుంది. బయట వదిలేస్తే అంచులు ఎండుతాయి. గుడ్డ బుట్ట రెండింటికీ మధ్య దారి.

భువనగిరి_వంటిల్లు · శుక్రవారం, ఉదయం 7:15
అక్కా, నేనూ తడి గుడ్డ మీద తట్టి చూశాను. గోధుమ పిండి లేకుండా వచ్చింది! ఇక కవర్ జోలికి పోను.

ఇంకో మాట. బతుకమ్మ దగ్గరికొచ్చింది కదా, సద్దుల నాడు మలీద ముద్దలు సజ్జ రొట్టెలతో చేయాలని ఉంది. సజ్జ పిండికి కూడా ఇదే పద్ధతా?

అచ్చంపేట_అక్క · శుక్రవారం, ఉదయం 8:05
అదే పద్ధతి చెల్లీ, తెర్లే నీళ్లే. కాకపోతే సజ్జలో నూనె జొన్న కన్నా ఎక్కువ, పిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది. సద్దులకు రెండు రోజుల ముందే పట్టించుకో, అంతకన్నా ముందు వద్దు. రొట్టె జొన్న రొట్టె కన్నా కొంచెం మందంగా తట్టు, మలీదకు పలచటిది అక్కర్లేదు. వేడి మీదే తుంచి, బెల్లం తరుగు వేసి రోట్లో దంచు. రొట్టె వేడికి బెల్లం కరిగి ముద్ద పడుతుంది, నీళ్లు చల్లకు. నెయ్యి, యాలకుల పొడి, దోరగా వేయించిన నువ్వులు కలిపి ముద్దలు కట్టు. చల్లారిన రొట్టెతో చేస్తే ముద్ద నిలవదు.

మక్తల్_నల్లరేగడి · శుక్రవారం, రాత్రి 8:40
టీచర్ గారు గిరాకీ పోతే విత్తనం పోతుందన్నారు, మా మాట కూడా వినండి. జొన్న పండించడం కష్టం కాదు. మందులు, నీళ్లు పెద్దగా అక్కర్లేదు, చొప్ప పశువులకు పనికొస్తుంది. మమ్మల్ని ఓడించేది పిట్టలు. వెనక ఊరంతా జొన్నే వేసేవాళ్లు, పిట్టలు అన్ని చేన్లకూ పంచుకునేవి. ఇప్పుడు చుట్టూ పత్తి, కంది. నడుమ ఒక్కడు జొన్న వేస్తే ఊళ్లో ఉన్న పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలతాయి. గింజ పాలు పోసుకున్న నాటి నుంచి కోత దాకా పొద్దుగూకులూ మంచె మీద మనిషి ఉండాలి. కూలి ఇచ్చి మనిషిని పెడితే మిగిలేది లేదు. అందుకే చాలామంది ఇంటి తిండికి నాలుగు సాళ్లు వేసుకుని ఆపేస్తున్నారు.

ఈసారి మా వాడకట్టులో ముగ్గురం ఒకే చోట పక్కపక్కనే మల్దండి వేస్తున్నాం. కాపలా వంతులవారీగా చూసుకుంటాం. కోత మాఘం దాటాక. గింజ మార్కెట్‌కు పోకుండా తినేవాళ్ల ఇళ్లకు పోతే మాకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, మీకు ఈ సీజన్ గింజ దొరుకుతుంది.

నల్లగొండ_కొత్తవంట · శుక్రవారం, రాత్రి 9:02
అన్నా, మాకు ఒక బస్తా కావాలి. పక్కింటివాళ్లను కూడా అడుగుతా.

హాలియా_టీచర్ · శుక్రవారం, రాత్రి 9:30
నాకూ ఒక బస్తా. చెల్లెళ్లకు పంచుతాను.

పిండిగిర్ని_దేవరకొండ · శనివారం, ఉదయం 7:40
మా గిర్నికి వచ్చేవాళ్లలో అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు బస్తాలు దింపుకుంటా, కావాల్సినంత తూకం వేసి ఇక్కడే పట్టిస్తా. ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి, ఎవరికి వాళ్లు మెసేజ్ పెట్టుకోండి.

మక్తల్_నల్లరేగడి · శనివారం, మధ్యాహ్నం 12:20
సరే అన్నా, అందరి పేర్లూ రాసుకుంటున్నా. బస్తా ఇంటికి వచ్చాక ఒక పని చేయాలి. రెండు రోజులు ఎండబోయండి, గింజ పంటి కింద పెడితే టక్కుమనాలి. మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టు, పురుగు పడుతుంది. చల్లారాకే డబ్బాలో పోయండి. నడుమ నడుమ నీడకు ఎండిన వేపాకు వేయండి. డబ్బా గోడకు ఆనకుండా, కింద చెక్క వేసి పెట్టండి. వానాకాలం మొదలయ్యే ముందు ఇంకోసారి ఎండ చూపిస్తే మళ్లీ కొత్త పంట వచ్చేదాకా ఢోకా ఉండదు.